దుప్పటి మీద చీటీ

ఆ సీరియల్లో హత్య చేసింది దర్జీ కాదు. ఈ మాట మీద నేను అప్పుడూ తగ్గలేదు, ఇప్పుడూ తగ్గను. తగ్గడం రాక కాదు. తాడేపల్లిగూడెంలో బట్టల కొట్లో పుట్టి పెరిగినదాన్ని. తగ్గడం, తగ్గినట్టు కనపడటం, ఒక్క పైసా తగ్గకుండానే తగ్గానని ఎదుటివాళ్ళ చేత అనిపించుకోవడం నాకు ఓనమాల కంటే ముందొచ్చిన విద్యలు. అలాంటిదాన్ని ఒక్క మాట మీద ఇన్నేళ్ళు బిగదీసుకుని కూర్చున్నానంటే ఊరికే కాదు.

ఆ సీరియల్ పేరు చెప్పినా మీకు గుర్తుండదు. రెండువేల దశకం మొదట్లో, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ఇంకా కొట్టెయ్యని రోజుల్లో, ఒక తెలుగు ఛానల్లో గురువారం సాయంత్రం ఏడున్నరకి వచ్చేది. పదకొండు వారాలు వచ్చింది. పన్నెండో గురువారం అదే టైముకి పిల్లల డాన్సు పోటీ వచ్చింది. హంతకుడెవరో చెప్పకుండా, మాట మాత్రమైనా అనకుండా, ఎత్తేశారు.

కథ చిన్నదే. కొల్లేటి ఒడ్డున చేపల చెరువు గట్టు మీద ఒక పెద్దమనిషి శవం దొరుకుతుంది. శవాన్ని చారల దుప్పటిలో పెట్టి, దిండుకి గలీబు కుట్టినట్టు కుట్టేసి ఉంటుంది. ఎవరు చంపారు, ఎందుకు కుట్టారు అన్నది కథ. మా వైపు నీళ్ళు, మా వైపు గట్లు, మా వైపు కొంగలు టీవీలో కనపడటం అదే మొదలు కాబట్టి ఊరంతా చూసింది. చూడటం కంటే ఎక్కువగా మాట్లాడింది.

మా కొట్లో బీరువా మీద చిన్న టీవీ ఉండేది. గురువారం సాయంత్రం చీరలు చూస్తున్నవాళ్ళు చీరలు వదిలేసి తలలెత్తి దాన్నే చూసేవాళ్ళు. కరెంటు కోత మాత్రం ఊరికో టైములో ఉండేది. గూడెంలో మొదటి పావుగంట పోతే, మండవల్లిలో చివరి పావుగంట పోయేది. అందువల్ల శుక్రవారం పొద్దున్న మా కొట్లో కథ అతుకులేసుకునేది. ఎవరు చూసిన ముక్క వాళ్ళు తెచ్చేవాళ్ళు. చూడని ముక్కకి సొంతంగా ఏదో ఒకటి కలిపేవాళ్ళు. అలా ఒక వారమంతా, శవానికి ఇద్దరు భార్యలని నమ్మాం. తర్వాత తెలిసింది, రెండో ఆవిడ మధ్యలో వచ్చిన సబ్బు ప్రకటనలో మనిషని.

మండవల్లి నుంచి ఒకావిడ వచ్చేవారు. భర్తకి చేపల చెరువులున్నాయి. ఆవిడకి ఆ సీరియల్ మీద కోపం కట్టలు తెంచుకునేది.

"ఆ గట్టు మీదకి జీపు ఎలా వచ్చిందండీ? వానాకాలం అని చూపిస్తున్నారా, జీపు ఆ బురదలో సగానికి దిగిపోదూ? చెరువు దగ్గర కాపలా మనిషి లేడంట. చేపలున్న చెరువుకి కాపలా లేకపోవడం ఎక్కడైనా ఉందా? మా ఆయన అయితే టీవీ కట్టెయ్యమన్నారు, నేనే కట్టలేదు."

"ఎందుకు కట్టలేదండీ?" అన్నాను.

"కట్టేస్తే తప్పులు ఎవరు పట్టుకుంటారు?"

రెండో వారం అయ్యాక ఆవిడే ఇంకో ప్రశ్న తెచ్చారు. ఇప్పుడనిపిస్తుంది, ఆవిడ ఆ ప్రశ్న అడక్కపోయినా బాగుండేదని.

"అదంతా సరే, శవాన్ని దుప్పట్లో పెట్టి మిషను కుట్టు వేశారన్నారు. అంత మనిషిని మిషను కింద ఎలా దూర్చారండీ?"

కొట్లో అందరూ నవ్వారు. జవాబు బయట అరుగు మీంచి వచ్చింది.

"ముందు మూడు వైపులా సంచీలా కుట్టుకుంటామండి. మనిషిని లోపల పెట్టాక నోరు చేత్తో కుడతామండి."

అరుగు మీద కుట్టు మిషను మా టైలరు మాస్టారిది. నాకు పరికిణీలు కుట్టిన మనిషి. ఒక కాలు చిన్నప్పటి జ్వరంలో సన్నబడింది, కాస్త ఎగేసి నడుస్తారు. మెళ్ళో టేపు, నెరిసిన గడ్డం, నెత్తిన తెల్ల టోపీ. మాట మాత్రం ఇస్త్రీ చేసినట్టుండేది. ఎవరి గుడ్డ చెడినా "నా చెయ్యే పొరపాటు పడిందండి" అనే మనిషి. పని గురించి ఎవరు ఏం అడిగినా ఆయన ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. దిండు గురించి అడిగినా అలాగే చెబుతారు, శవం గురించి అడిగినా అలాగే చెప్పారు.

కుడతాం అన్నారు. కుట్టొచ్చు అనలేదు, కుడతారు అనలేదు. పనివాళ్ళెవరైనా అలాగే అంటారు. నేనూ "ఈ చీరకి ఇంత తీసుకుంటాం" అనే అంటాను, తీసుకునేది ఎంతైనా. కానీ ఆ ఒక్క మాట ఊళ్ళోకి పాకింది. "మాస్టారూ, ఇప్పటిదాకా ఎంతమందిని కుట్టారేంటి" అని అరుగు దగ్గర ఆగి అడగడం మొదలుపెట్టారు. ఆయనా నవ్వేవారు. "మీ కొలతలు ఉన్నాయండి నా దగ్గర" అనేవారు. బాగానే ఉండేది.

నాలుగో వారం సీరియల్లోకి దర్జీ వచ్చాడు. కుంటుతూ వచ్చాడు. మెళ్ళో టేపు, గడ్డం, నెత్తిన తెల్ల టోపీ.

ఆ సాయంత్రం మా కొట్లో ఎవరూ నవ్వలేదు. అందరూ ఒక్కసారి టీవీ చూసి, తలుపు వైపు చూసి, మళ్ళీ టీవీ చూశారు. అరుగు మీద మిషను ఆడుతూనే ఉంది. ఆయనకి అక్కణ్ణుంచి టీవీ కనపడదు, వినపడుతుంది.

అక్కణ్ణుంచి వేళాకోళం రంగు మారింది. ఆ టోపీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వైపు అలాంటివి నోటితో అనరు. మాట మెత్తన, అండీ లేకుండా తిట్టను కూడా తిట్టరు. అనకుండానే బోలెడంత అన్నారు. జాకెట్టు ముక్క కొని, అరుగు దిగి, మాస్టారి ముందు నుంచే వెళ్ళిపోయేవాళ్ళు. అడిగితే "మా ఆడపడుచు మిషను కొనుక్కుందండి" అనేవాళ్ళు. ఆ రెండు నెలల్లో గూడెంలో ఇంతమంది ఆడపడుచులు మిషన్లు కొనుక్కుంటే, మిషన్ల కంపెనీ వాళ్ళు మా ఊళ్ళో విగ్రహం పెట్టాలి.

తొమ్మిదో వారం సీరియల్లో ఇన్‌స్పెక్టరు వేలు చూపించి, "ఈ కుట్టు చేతిపని తెలిసినవాడిది" అన్నాడు. దర్జీ చేతికి బేడీలు పడ్డాయి. ఆ శనివారం గుండుగొలను నుంచి టీచరుగారు వచ్చారు.

టీచరుగారు అక్కడి చర్చివాళ్ళ మిషను బళ్ళో పాఠాలు చెప్పేవారు. మనిషి ఖచ్చితం, మాట ఖచ్చితం. కొల్లేటి పక్క పల్లెల్లో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే కాబట్టి, ఆవిడ ఏ రంగు చీర కడితే మరుసటి నెలలో ఆ రంగు మా కొట్లో అయిపోయేది. వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరింది. చర్చిలో పెళ్ళి. ఎనిమిది జాకెట్టు ముక్కలు మా దగ్గరే కొని, మాస్టారికే ఇచ్చారు. ఆ ఎనిమిదీ వెనక్కి అడిగారు.

"అమ్మాయి ఏదో కొత్త రకం చేతులు కావాలంటోందండి. ఏలూర్లో కుట్టిస్తాం" అన్నారు మాస్టారితో, ఆయన మొహం చూడకుండా.

"అలాగేనండి" అని ఆయన ఎనిమిది ముక్కలూ మడతపెట్టి ఇచ్చారు. రెండు అప్పటికే నానబెట్టి ఆరేసి ఉంచారు. ఆ రెండూ పైన పెట్టారు, ముడతలు పడకుండా.

ఆవిడ వెళ్ళాక నా దగ్గరకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"పాపగారూ, వచ్చే నెలాఖరుకి మిషను తీసేస్తానండి. ఏలూర్లో మా బావమరిది రెడీమేడ్ చొక్కాలు కుట్టే చోట పనుందంట. కాలర్లు కుట్టాలంట. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాలర్లేనంట."

"కాలర్లు కుట్టడానికి మీరెందుకండీ? టీవీలో వాడెవడో ఏదో చేస్తే..."

"నాకు తెలుసండి. మా ఆవిడ కూడా చూస్తోందండి ఆ సీరియల్. నిన్న అన్నం పెడుతూ అడిగింది, ఎంత డబ్బిచ్చినా ఆ దుప్పటి పని ఎందుకు ఒప్పుకున్నారని." నవ్వబోయారు. నవ్వు రాలేదు.

ఇక్కడ నా గురించి నిజం చెప్పాలి. నాకు ఆ క్షణాన మాస్టారి మీద జాలి కంటే ముందు జాకెట్టు ముక్కల మీద దిగులు పుట్టింది. అరుగు మీద దర్జీ లేని కొట్లో జాకెట్టు ముక్క ఎవరు కొంటారు? జాలి రెండో నిమిషంలో వచ్చింది. కోపం మూడో నిమిషంలో వచ్చింది. ఆ మూడోది మటుకు ఇంకా పోలేదు.

పదో వారం మొదట్లో, గడిచిన కథంటూ పాతవన్నీ మళ్ళీ చూపించారు. చెరువు గట్టు, జీపు, దుప్పటి. ఈసారి దుప్పటిని బాగా దగ్గర్నుంచి చూపించారు. నేను చీరలు మడతపెడుతున్నాను. నాన్న గల్లా దగ్గర కూర్చుని ఉన్నవారు కాస్తా లేచి నిలబడ్డారు.

"అమ్మడూ, ఆ మూల చూడు."

దుప్పటి మూల, కుట్టు లోపలికి సగం నలిగి, గులాబీ రంగు చీటీ. దాని మీద మూడక్షరాలు. నా చేతిరాత.

బట్టల కొట్లవాళ్ళు కొన్న ధరని చీటీ మీద అంకెల్లో వెయ్యరు. ప్రతి కొట్టుకీ పది అక్షరాల మాట ఒకటి ఉంటుంది, ఒకటికి మొదటి అక్షరం, రెండుకి రెండో అక్షరం, అలా. బేరం ఆడేటప్పుడు ఆ అక్షరాలు చూసి ఎంతదాకా దిగొచ్చో మాకు తెలుస్తుంది, కొనేవాళ్ళకి తెలియదు. మా మాట తాతగారు పెట్టింది. అదేమిటో ఇక్కడ రాయను, రాస్తే నాన్న ఇప్పటికీ మాట్లాడటం మానేస్తారు.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని నెలల కిందట ఒక మనిషి వ్యాను ఆపుకుని వచ్చి, షూటింగుకని చీరలు, పంచెలు, ఒక చారల దుప్పటి కొన్నాడు. దుప్పటి దగ్గర నాతో అరగంట బేరమాడాడు. చివరికి నేను చెప్పిన ధరకే తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. ఆ దుప్పటి చీటీతోనే కుట్టేశారన్నమాట. బట్టలు చూసుకునేవాళ్ళు మర్చిపోయారు.

నాన్నకి భయం పట్టుకుంది. "మనం కొన్న ధర రాష్ట్రమంతా చూసిందే."

"ఎవరికి చదవడం వచ్చు నాన్నా?"

"రాజమండ్రి దాకా వ్యాపారస్తులున్నారు. అందరూ నీలా చీరలు మడతపెడుతూ చూడరు. రేపట్నుంచి మాట మార్చెయ్యాలి." నిజంగానే మార్చారు. కొట్లో ఉన్న ప్రతి చీటీ తిరగరాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆ రాత్రే మొదలుపెట్టి పాత చీటీలు పిన్నులతో సహా పీకుతుంటే నాకు తోచింది. దర్జీ ముందుకి గుడ్డ వస్తే ఆయన మొదట చేసే పని చీటీ పీకడం. ఎందుకంటే పిన్ను మీద సూది పడితే విరుగుతుంది. చీటీతో కుట్టినవాడు దర్జీ కాడు. వాడికి గుడ్డ పని తెలియదు. సీరియల్లో ఇన్‌స్పెక్టరు చూడలేదు, మనం చూశాం.

అది కథ రాసినవాళ్ళు పెట్టిన ఆధారం కాదని నాకు తెలుసు. తెలిసే, శుక్రవారం పొద్దున్నే కొట్టు తెరిచి, దాన్ని ఆధారమని అమ్మడం మొదలుపెట్టాను.

"దుప్పటి మూల చీటీ చూశారా అండీ? చూడలేదా? ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు, చూడండి. చీటీ ఉండగా ఏ దర్జీ అయినా మిషను కింద పెడతాడా? మాస్టారినే అడగండి."

అడిగారు. ఆయన ఉన్నదున్నట్టే చెప్పారు. "పెట్టమండి. సూది పోతుంది."

నేను అమ్మిన సరుకులన్నిటిలో అంత వేగంగా కదిలింది ఇంకోటి లేదు. ఉల్లిపాయల మార్కెట్ నుంచి మనుషులొచ్చి అడిగారు. మండవల్లి ఆవిడయితే ఆదివారం చూసొచ్చి, "నాకు ముందునుంచీ అనుమానమేనండి, చంపింది ఆ చెరువు ఓనరు తమ్ముడే, వాడి మొహంలోనే ఉంది, పైగా కాపలా పెట్టలేదు" అన్నారు. వెళ్తూ వెళ్తూ జాకెట్టు ముక్క మాస్టారికిచ్చి వెళ్ళారు. ఒక్కటే, కానీ ఇచ్చారు. పదకొండో వారం దర్జీ జైల్లో కూర్చున్నాడు. ఇంక తప్పదు, చీటీ బయటపడాలి, వచ్చే వారం వదిలేస్తారు అని ఊరంతా అనుకుంది.

వచ్చే వారం డాన్సు పోటీ వచ్చింది.

కథ ఆగిపోయింది, దర్జీ జైల్లోనే ఉండిపోయాడు. ఇంక వాణ్ణి ఎవరు విడిపిస్తారు? శుక్రవారం పొద్దున్న కొట్లోకి వచ్చినవాళ్ళు "ఎత్తేశారు కదండీ, అంటే వాడేనన్నమాట" అన్నారు. మాస్టారు నెలాఖరుకి మిషను కోసం రిక్షా మాట్లాడుకున్నారు.

ఆ ఛానల్లో ఆదివారం ప్రేక్షకుల ఉత్తరాలు చదివే కార్యక్రమం ఒకటుండేది. నేను ఉత్తరం రాశాను. రెండు పేజీలు. దుప్పటి మీద చీటీ హంతకుడు దర్జీ కాదనడానికి మీరే ఇచ్చిన ఆధారమనీ, కాబట్టి మిగతా కథ వెయ్యాలనీ, వెయ్యలేకపోతే దర్జీ నిర్దోషి అని టీవీలో ఒక్క మాట చెప్పాలనీ. ఊళ్ళోవాళ్ళ సంతకాలు తీసుకున్నాను. చీర మీద తగ్గించమన్నవాళ్ళని ముందు సంతకం పెట్టమన్నాను. నాన్న చూసి, "మనుషుల అభిప్రాయాలు కూడా బేరమాడి కొంటున్నావా" అన్నారు.

"ఉచితంగా ఇవ్వట్లేదు కదా నాన్నా."

అందరి సంతకాల కంటే నాకు టీచరుగారిది కావాలి. ఆవిడ పెడితే గుండుగొలను పెట్టినట్టే. కబురు చేశాను. ఒక మధ్యాహ్నం వచ్చారు. ఉత్తరం కళ్ళజోడు పెట్టుకుని చదివారు. రెండు చోట్ల ఒత్తులు దిద్దారు. తర్వాత సంచీలోంచి చిన్న కాగితం ముక్క తీసి బల్ల మీద పెట్టారు. గులాబీ రంగు చీటీ. పెళ్ళి చీరది, పాత మాటతో రాసింది.

"ఆదివారం టీవీలో చూశానమ్మా. మొదటి అక్షరం కొక్కెంలా కిందికి లాగి ఉంది. ఇందులోనూ అలాగే ఉంది. పిల్లల రాతలు దిద్ది దిద్ది నా కళ్ళకి అదొక జబ్బు. ఇది నీ రాతే కదా?"

అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది. నాకు అబద్ధాలు కష్టం కాదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా "మీకు కాబట్టి ఇస్తున్నానండి" అనే నోరది. కానీ ఆవిడ కళ్ళజోడు వెనక కళ్ళు చూస్తే రాలేదు.

"నా రాతేనండి. దుప్పటి మా కొట్లోదే. షూటింగువాళ్ళు కొన్నారు."

"అంటే అది ఆధారం కాదు. వాళ్ళు పీకడం మర్చిపోయిన చీటీ."

"అవునండి."

"తెలిసే ఊరందరి చేతా సంతకం పెట్టించావు."

"అవునండి."

అరుగు మీద మిషను ఆగిపోయింది. ఆయన అంతా వింటున్నారు. చీటీ ఆధారమని ఆయన కూడా నమ్మారు. ఆ మిషను మళ్ళీ ఆడుతుందేమోనని చూశాను. ఆడలేదు. అప్పుడు నాకు సిగ్గు వేసింది. సిగ్గు వేస్తే నా గొంతు పెరుగుతుంది.

"టీచరుగారండీ, ఒక్క మాట అంటాను, ఏమనుకోకండి. చీటీ వాళ్ళ పొరపాటు, అది చెల్లదు అంటున్నారు. సరేనండి. మరి ఆ దర్జీ? వాడు వాళ్ళు ఊహించుకున్న దర్జీ కదండీ. కాలు కుంటించింది వాళ్ళు, టోపీ పెట్టింది వాళ్ళు, బేడీలు వేసింది వాళ్ళు. చీటీ అయినా నిజంగా మా కొట్లోది. వాడు ఎక్కడివాడండీ? ఎక్కడా లేని ఆ దర్జీని పట్టుకుని, కళ్ళెదురుగా ఉన్న మనిషి దగ్గర్నుంచి ఎనిమిది ముక్కలు వెనక్కి తీసుకోవచ్చు. ఉన్న చీటీని పట్టుకుని ఆయన్ని విడిపిస్తే మటుకు తప్పొచ్చిందా?"

అంత మాట అంటానని నేననుకోలేదు. నాన్న గల్లా దగ్గర తల వంచుకుని, లేని దారప్పోగు ఏదో లాగుతున్నారు. టీచరుగారి మొహం ఎర్రబడింది.

"నేను ఎందుకు తీసుకున్నానో నీకేం తెలుసు?" అన్నారు.

"కొత్త రకం చేతులన్నారండి."

ఆవిడ కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకున్నారు. "కాదులే," అన్నారు మెల్లిగా. "పెళ్ళివారి వైపు వాళ్ళు ఎవరో నవ్వారు. ఆ దర్జీ చేతా కుట్టిస్తున్నారు అని. నేను నోరెత్తి ఒక్క మాట అనలేకపోయాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "కానీ అబద్ధం కింద సంతకం పెట్టనమ్మా. అది మటుకు నా వల్ల కాదు" అన్నారు.

అప్పుడు మాస్టారు లోపలికి వచ్చారు. పిలవకుండా ఆయన గుమ్మం దాటి లోపలికి రావడం నేనెప్పుడూ చూడలేదు. కొట్టుకి ఆ అరుగే తన హద్దన్నట్టుండేవారు.

"నిజమే రాయండి పాపగారూ. దుప్పటి మన కొట్లోదని రాయండి. చీటీ ఉండిపోయిందని రాయండి. చీటీ ఉంటే దర్జీ అన్నవాడు కుట్టడని రాయండి. అది ఎవరు పెట్టినా, ఎవరు మర్చిపోయినా నిజమే కదండీ. అంతకంటే నాకొద్దండి."

నా బేరాలన్నీ ఆ నాలుగు మాటల ముందు చిన్నబోయాయి. పాత ఉత్తరం చింపేశాను. చింపేముందు సంతకాలు ఒకసారి లెక్కపెట్టుకున్నాను, అది వేరే సంగతి. అక్కడే నిలబడి కొత్తది రాశాను. ఆ దుప్పటి మా కొట్లో కొన్నది, చీటీ నేను రాసింది, మీ వాళ్ళు పీకడం మర్చిపోయారు. మర్చిపోయారంటేనే దాన్ని కుట్టింది దర్జీ కాదు, మీ కథలోనూ కాదు, బయటా కాదు. మీరు కథ ఆపుకోండి, మీ ఇష్టం. ఒక మనిషిని బేడీలతో వదిలేసి ఆపడానికి మీకు హక్కు లేదు. టీచరుగారు "హక్కు" దగ్గర ఒత్తు సరిచేసి, మొదటి సంతకం పెట్టారు. రెండోది మాస్టారు పెట్టారు. ఆయన సంతకం అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మళ్ళీ సంతకాలకి తిరిగాను. ఈసారి ఎవరికీ ఏమీ తగ్గించలేదు. పాతవాటిలో సగమే వచ్చాయి.

మూడు ఆదివారాల తర్వాత మా ఉత్తరం చదివారు. చదివారని అనాలి మరి. నవ్వుతూ కూర్చున్న ఒకమ్మాయి, కాగితం వైపు అలా చూసి, "తాడేపల్లిగూడెం నుంచి ప్రేక్షకులు మన సీరియల్లో దుప్పటి చాలా బాగుందని, అది తమ ఊళ్ళోనే కొన్నదని రాశారు, చాలా సంతోషమండీ" అని పక్కన పెట్టేసింది.

అంతే. అంతమంది సంతకాలు పెట్టిన ఉత్తరానికి వాళ్ళిచ్చింది అంతే.

"కొట్టు పేరైనా చెప్పలేదు" అన్నారు నాన్న.

నేను ఆ రాత్రి ఏడవలేదు. పొద్దున్నే ఉత్తరం నకలు పెద్దక్షరాలతో అట్ట మీద రాసి, అరుగు మీద, మాస్టారి మిషనుకి పైన, గోడకి కొట్టాను. సంతకాలతో సహా. టీవీ చదవకపోతే ఊరు చదువుతుంది. చదివింది కూడా. బస్సు కోసం ఆగినవాళ్ళు చదివారు, మిల్లుకి పోయేవాళ్ళు సైకిలు దిగి చదివారు. టీచరుగారి సంతకం చూసి కొల్లేటి వైపు వాళ్ళు గట్టిగా చదివారు. కొంతమంది "అలాంటి దుప్పటి ఇంకా ఉందాండీ" అని లోపలికొచ్చారు. ఉంది. అమ్మాను. శవానికి కుట్టిన రకం దుప్పటిని అసలు ధర కంటే ఎక్కువకి అమ్మిన మనిషిని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే. గర్వంగా చెప్పుకునే విషయం కాదు, అయినా చెబుతున్నాను.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా టీచరుగారు వచ్చారు. నాలుగు జాకెట్టు ముక్కలు తెచ్చారు. మిగతా నాలుగు అప్పటికే ఏలూర్లో కోసేశారట. లోపలికి రాకుండా అరుగు మీదే, అందరూ చూస్తుండగా, మాస్టారి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

మాస్టారు మొదటి ముక్క విప్పారు. మూలన నా పాత చీటీ అలాగే ఉంది. కత్తెర కొసతో పిన్ను లేపి, చీటీ తీసి, ఆవిడ కళ్ళ ముందు పైకెత్తి చూపించారు.

"చీటీ తీశానండి. చూసుకోండి."

టీచరుగారు నవ్వారు. ఆయనా నవ్వారు. పెళ్ళిలో అమ్మాయి ఆ నాలుగింటిలోదే తొడుక్కుందో ఏలూరుదే తొడుక్కుందో నేను అడగలేదు. రిక్షావాడికి మాస్టారు వద్దని చెప్పారు.

ఆ రోజునుంచి ఆయనకది అలవాటయిపోయింది. ఏ గుడ్డ ఇచ్చినా ముందు చీటీ తీసి, ఇచ్చినవాళ్ళకి చూపించి, అప్పుడు టేపు తీసేవారు. చీటీ లేని గుడ్డకి కూడా మూలలు నాలుగూ తడిమి "లేదండి" అని చెప్పేవారు. వేళాకోళం ఊళ్ళో ఆగిపోలేదు. మా ఊరు వేళాకోళం ఆపే ఊరు కాదు. మాట మాత్రం మారింది. అరుగు దగ్గర ఆగి "మాస్టారూ, చీటీ తీశారా?" అని అడిగేవాళ్ళు. ఆయన తలెత్తకుండా "మీది కూడా తీస్తానండి, రండి" అనేవారు.

అట్ట మీద ఉత్తరం రెండు వానాకాలాలకి రంగు వెలిసింది. మూడో ఏడు నేనే తిరగరాసి కొట్టాను.

ఇప్పటికీ ఎప్పుడైనా ఎవరో ఒకరు, పాత సీరియళ్ళ మాట వచ్చినప్పుడు, "చివర్లో ఎత్తేశారు గానీ, చంపింది ఆ దర్జీయేనండి" అంటుంటారు. నేను వాదించను. వాదన అయిపోయింది, అట్ట మీద ఉంది. మా కొట్లో దానికో పద్ధతి పెట్టాను, అంతే. ఆ మాట అన్నవాళ్ళకి బేరం లేదు. చీర విప్పి చూపిస్తాను, మంచినీళ్ళిస్తాను, అండీ అనే మాట్లాడతాను. ధర మాత్రం చెప్పిందే. ఎంత అడిగినా, ఎంతసేపు కూర్చున్నా, వెళ్ళిపోతున్నట్టు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసినా.